వాన లెక్క, పంచరు కిట్టు, గోడపత్రిక: విశాఖలో ఒక హైస్కూల్ క్లబ్బుల కేస్ స్టడీ

పెదవాల్తేరు వైపు, సముద్రానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. బడి పేరు, పిల్లల పేర్లు ఇక్కడ రాయను. బడిలో క్లబ్బుల బాధ్యత నా చేతికి వచ్చాక ఏం చేశాం, ఏది నిలబడింది, ఏది మూసేశాం, ఎందుకు మూసేశాం అన్నది తోటి టీచర్లకి పనికొస్తుందని రాస్తున్నాను. నాకు తేలిన సంగతి ముందే చెప్పేస్తాను. రిజిస్టరు తనిఖీకి వచ్చేవాళ్ల కోసం రాస్తే అక్కడ క్లబ్బు ఉన్నట్టు కాదు. అదే రిజిస్టరుతో పిల్లలకి అవసరం పడితే, టీచర్ సెలవు పెట్టిన రోజు కూడా క్లబ్బు నడుస్తుంది.

మొదట ఉన్న పరిస్థితి

మా పిల్లల్లో సగం దాకా జాలరి కుటుంబాల వాళ్లు. మిగతావాళ్లు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల పిల్లలు. నాన్న తాపీపనికో ఆటోకో వెళ్తాడు, లేదా ఎంవీపీ కాలనీలో ఏదో అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. అమ్మ అదే అపార్ట్‌మెంట్లో నాలుగిళ్ల పని చేస్తుంది. ఈ వివరం ఎందుకంటే, క్లబ్బులు ఎప్పుడు పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి అన్నది చివరికి ఈ ఇళ్ల పనివేళలే తేల్చాయి.

కాగితం మీద క్లబ్బులకి లోటు లేదు. సైన్స్ క్లబ్, మ్యాథ్స్ క్లబ్, మూడు భాషలకి మూడు, ఎకో క్లబ్, హెల్త్ క్లబ్, ఎలక్టోరల్ లిటరసీ క్లబ్. పైనుంచి వచ్చిన ఈ ఆలోచనల్లో తప్పేమీ లేదు. నేషనల్ గ్రీన్ కోర్ కింద ఎకో క్లబ్బులు 2001-02 నుంచీ ఉన్నాయి. ఓటు హక్కు గురించి బడి వయసులోనే తెలియాలని 2018లో ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులు మొదలుపెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా సైన్స్, లెక్కలు, కవిత్వం, నాటకం, చదరంగం లాంటి వాటికి బడుల్లో క్లబ్బులూ సర్కిళ్లూ ఉండాలని పేరుపేరునా చెప్పింది. ఇబ్బందల్లా ఒక్కో ఉత్తర్వూ ఒక్కో రిజిస్టరుగా మారి బీరువాలోకి వెళ్లిపోవడమే. అన్ని క్లబ్బులకీ అధ్యక్షులు తొమ్మిదో తరగతి ఫస్టు ర్యాంకు పిల్లలే. మినిట్స్ అన్నీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో ఉన్నాయి. ఏ రోజు ఏ పిల్లాడు ఏం చేశాడో ఆ పేజీల్లో ఎక్కడా లేదు. ఫోటోలు మాత్రం ఉన్నాయి: బ్యానరు, బ్యానరు వెనక వరసగా పిల్లలు, ఒక మొక్క.

మా హెచ్‌ఎం గారికి నేను చెప్పింది ఇదే. రిజిస్టర్లు అలాగే ఉండనిద్దాం, అడిగినవాళ్లకి చూపిద్దాం. నిజంగా నడిచేవి మాత్రం రెండో మూడో పెడదాం. వాటి రికార్డు పిల్లలే రాస్తారు, నేను దిద్దను. ఆయన ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు: పదో తరగతి ఫలితాల మీద చెయ్యి పడకూడదు.

టైమ్ ఎక్కడి నుంచి వచ్చింది

బడి వదిలాక క్లబ్బు అనేది మా దగ్గర కుదరదు. నాలుగు దాటితే ఆడపిల్లలు ఆగలేరు. తమ్ముణ్ణి తీసుకెళ్లాలి, నీళ్లు పట్టాలి, అమ్మ సాయంత్రం పనికి వెళ్లేలోపు ఇంట్లో ఉండాలి. మగపిల్లల్లో కొందరు నాన్న పక్కన కూర్చుని వల బాగుచేస్తారు. బడి అయ్యాక పెడితే మిగిలేది ఇంట్లో పని లేని కొద్దిమంది మగపిల్లలే. అందుకని శనివారం ఆఖరి రెండు పీరియడ్లు అడిగాను.

సిలబస్ ఎలా అవుతుందని ఇద్దరు టీచర్లు గట్టిగానే అడిగారు. వాళ్ల ఆందోళన నిజమైనదే. లెక్కల మాస్టారితో మాత్రం ఒక బేరం కుదిరింది: వృత్త వైశాల్యం, నిష్పత్తులు, గ్రాఫులు క్లబ్బులోనే పిల్లల చేత చేయిస్తాను, క్లాసులో ఆయన వాటి మీద పెట్టే టైమ్ కొంత మిగులుతుంది. తర్వాత ఆయనే వాతావరణం క్లబ్బుకి రెండో టీచర్ అయ్యారు.

పరీక్షలు దగ్గరపడితే బడిలో మొదట కోతపడేది ఇలాంటి పీరియడ్లే. పరీక్షల వారం కూడా క్లబ్బు ఉంటుంది, కాకపోతే అరగంటే ఉంటుంది అని ముందే రాసుకున్నాం. ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టడానికి నెల పడుతుంది. అరగంట నడిపితే చెయ్యి వదిలిపోదు.

ఎవరు ఏ క్లబ్బులో అన్నది పిల్లలకే వదిలేశాం. పిల్లలు మొదట ఎంచుకునేది క్లబ్బుని కాదు, స్నేహితుణ్ణి. అందుకని జూన్ 12న బడి తెరిచాక జూలై ఆఖరు దాకా ఎవరు ఎక్కడైనా తిరగొచ్చు, ఆగస్టులో పేరు ఇవ్వాలి అన్నాం. ఏ క్లబ్బులోనూ చేరని పిల్లలు ఉంటారు. వాళ్లు ఆ టైములో గ్రౌండ్‌లో ఆటల టీచర్ (పీఈటీ) గారి దగ్గరో లైబ్రరీ గదిలోనో ఉంటారు. అందరినీ ఏదో ఒక క్లబ్బులోకి తోయడం నాకు ఇష్టం లేదు. బలవంతంగా వచ్చిన ఐదుగురు ఇష్టంగా వచ్చిన పదిమందినీ చెడగొడతారు.

వాతావరణం క్లబ్బు

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మేం నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు అల్పపీడనం మాట వచ్చింది. నేను గాలి పీడనం గురించి చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "అల్పపీడనం అంటే మా నాన్న బోటు తియ్యడు మేడం, ఇంట్లో డబ్బులుండవు" అన్నాడు. క్లాసులో చాలామంది తల ఊపారు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. ఈ పిల్లలకి అది గుర్తుండే వయసు కాదు, కానీ ప్రతి ఇంట్లో ఆ రోజు గురించి ఒక కథ ఉంది: ఎగిరిపోయిన రేకులు, గల్లంతైన పడవ, నీళ్లూ కరెంటూ లేని రోజులు. భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం తమ ఊళ్లోనే ఉందని మాత్రం క్లాసులో ఎవరికీ తెలియదు. రోజూ వాన కొలుద్దాం, అక్కణ్ణుంచి మొదలుపెడదాం అన్నాను.

వానమాపకం రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాతో చేశారు. పైభాగం కోసి, తిరగేసి, గరాటులా దింపారు. సీసా మీద స్కేలు అంటిస్తే పనవదని మొదటి వానకే తెలిసింది. సీసా అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది, గోడ కూడా కొన్నిచోట్ల లోపలికి నొక్కుకుని ఉంటుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి నీళ్లని ల్యాబ్‌లోని కొలజాడీలో పోసి కొలుద్దామంది. అప్పుడు లెక్క అవసరం పడింది. గరాటు మూతి 11 సెంటీమీటర్ల వెడల్పు, అంటే వ్యాసార్ధం 5.5, వైశాల్యం దాదాపు 95 చదరపు సెంటీమీటర్లు. ఆ మూతి మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వచ్చే నీళ్లు 9.5 మిల్లీలీటర్లు. కొలజాడీలో 38 మిల్లీలీటర్లు వస్తే కురిసింది 4 మిల్లీమీటర్లు. ఇలాంటి లెక్క పరీక్షలో ఇస్తే తడబడే పిల్లలు కూడా దీన్ని నోటితో చెబుతున్నారు, ఎందుకంటే రోజూ చెయ్యాలి.

ఇంకో లెక్క పిల్లల్ని బాగా పట్టుకుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. డాబా 200 చదరపు మీటర్లు ఉందనుకుంటే, 50 మిల్లీమీటర్లు కురిసిన రోజు దాని మీద పడ్డ నీళ్లు 10,000 లీటర్లు. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని లైన్లో నిలబడే పిల్లలకి ఈ అంకె ఎలా తగులుతుందో మీరే ఊహించుకోండి. ఆ శనివారం అంతా డాబా మీది నీళ్లు ఏ గొట్టంలోంచి ఏ కాలవలోకి పోతున్నాయో వెతుక్కుంటూ తిరిగారు.

సీసాని మొదట డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టారు, ఎవరూ ముట్టుకోరని. గాలివాన వచ్చిన రోజు ట్యాంకు అడ్డం పడి కొలత తగ్గింది. పక్కనున్న వస్తువు ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో వానమాపకం ఉండాలన్నది వాతావరణ శాఖ వాళ్లు పాటించే పద్ధతి. మూతి నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఆ లెక్కన గ్రౌండ్ మూలలో ఇటుకలు పేర్చి, సీసా కదలకుండా సిమెంటు డబ్బాలో నిలబెట్టారు. క్రికెట్ బంతి తగలకుండా చుట్టూ వల కట్టింది జాలరి పిల్లలు. ఆ ముడులు వెయ్యడం మాలో ఇంకెవరికీ రాదు.

ఉదయం ఎనిమిదిన్నర దేశమంతా వాన కొలిచే వేళ. అంతకుముందు 24 గంటల వాన ఆ వేళకి లెక్క కడతారు. మా బడి గంట కొట్టేది ఆ వేళ దాటాకే. కాబట్టి దగ్గర వీధుల్లో ఉండే పిల్లలు వంతులు వేసుకున్నారు. ఆదివారం వంతు బడి వెనక సందులో ఉండే అమ్మాయిది. గేటు తాళం వాచ్‌మన్ తీస్తాడు. రిజిస్టరులో గడులు నాలుగే: తేదీ, మిల్లీలీటర్లు, మిల్లీమీటర్లు, చూసినవాళ్ల సంతకం. వాన లేకపోతే సున్నా రాయాలి. ఖాళీ వదలకూడదు.

మొదటి వానాకాలంలోనే ఒక గొడవ అయింది. ఒక కుర్రాడు వంతు రోజు రాకుండా మర్నాడు వచ్చి, ముందురోజు గడిలో 12 మిల్లీమీటర్లు అని రాసేశాడు. పక్కింటి పిల్లాడు ఊరుకోలేదు. "ఆడు సూడకండా రాసేసినాడు మేడం, నిన్న సీసా కాడికి రాలేదు" అని అందరి ముందూ అన్నాడు. నేను తీర్పు చెప్పలేదు. ఏం చెయ్యాలో మీరే తేల్చండి అన్నాను. చాలాసేపు వాదించుకున్నారు. ఒకరు వాణ్ణి తీసెయ్యాలన్నారు, ఒకరు ఆ అంకె ఉంచేద్దాం, వాన పడింది నిజమే కదా అన్నారు. చివరికి వాళ్లు తెచ్చిన పద్ధతి ఇది: కొలవని రోజు 'చూడలేదు' అని రాసి సంతకం పెట్టాలి. మర్నాడు కొలిస్తే 'రెండు రోజులది' అని రాయాలి. 'చూడలేదు' అని రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు. ఆ 12 మీద గీత కొట్టించి పక్కన 'చూడలేదు' అని ఆ కుర్రాడి చేతే రాయించారు. క్లబ్బులోంచి తియ్యలేదు.

మా క్లబ్బుల్లో జరిగిన అతి ముఖ్యమైన సంగతి ఇదేనని నా నమ్మకం. బడిలో పిల్లలకి ఖాళీ గడి అంటే భయం. ఏదో ఒకటి రాసి నింపెయ్యడం ఆరో తరగతి నుంచే అలవాటు. టీచర్లు కూడా రిజిస్టర్ల విషయంలో అదే చేస్తారని పిల్లలు చూస్తూనే ఉంటారు. కొలవలేదని ఒప్పుకునే గడి ఉన్నప్పుడే, కొలిచానని రాసిన గడికి విలువ వస్తుంది. రిజిస్టరు తమదని పిల్లలు అనుకోవడం ఆ రోజు మొదలైంది.

తుఫాను రోజుల్లో ఇంకో చిక్కు. కలెక్టర్ గారు బడులకి సెలవు ప్రకటించేది సరిగ్గా పెద్ద వాన పడే రోజే. ఆ రోజు సీసా చూడ్డానికి పిల్లలెవరూ రాకూడదు, ఇందులో మినహాయింపు లేదు. మా సీసా పట్టేది దాదాపు 150 మిల్లీమీటర్ల వాన. వాతావరణ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. అంటే అతి భారీ వానలో కొంతవరకే మా సీసా ఆగగలదు. బడి తెరిచాక నీళ్లుంటే ఎన్ని రోజులదో రాసి కొలుస్తారు. నిండిపోయి ఉంటే 'పొంగిపోయింది' అని రాస్తారు. ఈ మాట రిజిస్టరులో ఎక్కువగా కనిపించేది అక్టోబర్ పేజీల్లోనే.

విమానాశ్రయం దగ్గర అధికారికంగా కొలిచిన అంకె పేపర్లో చూసి, మా అంకెతో కలవలేదని ఒకసారి పిల్లలు దిగులు పడ్డారు. మా సీసా తప్పేమో అని ఇంకో సీసా పక్కన పెట్టి సరిచూశారు. రెండూ ఒకటే చెప్పాయి. విమానాశ్రయం ఊరికి అటు చివర కొండల మధ్యన ఉంది, మేం ఇటు తీరాన ఉన్నాం. ఉరుముల వాన ఒకే ఊళ్లో ఒకచోట కుమ్మరించి ఇంకోచోట చినుకైనా రాల్చకపోవచ్చు. ఇది నేను క్లాసులో చెబితే ఒక వాక్యం. వాళ్లు రెండు సీసాలు పెట్టి తేల్చుకున్నారు కాబట్టి ఇప్పుడు ఎవరు అడిగినా వాదించి మరీ చెబుతారు.

గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు వాన రాస్తారు. తుఫాను హెచ్చరికల కేంద్రం మత్స్యకారులకి ఇచ్చే హెచ్చరిక ఉంటే, అది వెలువడిన తేదీ, వేళ వేసి యథాతథంగా దించి రాస్తారు. సొంతంగా 'రేపు వాన పడుతుంది' అని ఒక్క మాట రాయకూడదు. ఈ నియమం నేను పెట్టిందే, దీని మీద మాత్రం చర్చ లేదు. ఆ బోర్డు చదివేవాళ్లలో వేటకి వెళ్లేవాళ్లు ఉన్నారు. పిల్లల ఊహ మీద ఎవరూ బోటు తియ్యకూడదు, ఆపకూడదు కూడా. ఒకరోజు బోర్డు రాయడం ఆలస్యమైతే ఒక పిల్లాడి నాన్న గేటు దగ్గరికి వచ్చి, ఇవాళ ఎందుకు రాయలేదని అడిగాడు. క్లబ్బు కోసం బయట ఒక మనిషి ఎదురుచూస్తున్నాడని పిల్లలకి తెలిసింది అప్పుడే. నేను ఎన్ని మాటలు చెప్పినా అంత పని జరిగేది కాదు.

ఒక శనివారం ఒక తాతని పిలిచాం, పడవ మీద వయసంతా గడిపిన మనిషి. మొదట మొహమాటపడ్డారు. "పంతులమ్మా, నాకు చదువేటి రాదు, పిల్లలకి నానేటి సెప్తాను?" అన్నారు. కూర్చున్నాక మాత్రం గంటకు పైగా చెప్పారు: కెరటం వచ్చే తీరు, మబ్బు రంగు, గాలి దిక్కు మారే వేళ. పిల్లలు ఆయన చెప్పినవి రిజిస్టరు వెనక పేజీల్లో 'తాత చెప్పినవి' అని విడిగా రాసుకున్నారు. ఏది ఎన్నిసార్లు నిజమైందో పక్కన గుర్తు పెడుతున్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి కాదు. ఆ మాట ఆయనకి చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టారు.

బాగుచేత క్లబ్బు

ఇది సైకిళ్లతో మొదలైంది. బడి షెడ్డులో ఏ రోజు చూసినా గాలి లేని సైకిళ్లు కొన్ని ఉంటాయి. పంచరు వేయించడానికి డబ్బులు లేక పిల్లాడు ఆ వారమంతా నడిచి వస్తాడు, లేదా రాడు. హాజరుపట్టీలో అది 'గైర్హాజరు' అని పడుతుంది, కారణం సైకిలు అని పడదు.

వీధి చివర సైకిల్ షాపు ఆయన రెండు శనివారాలు వచ్చి నేర్పారు. టైరు అంచు ఎత్తడం, ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి నీళ్ల టబ్బులో ముంచడం, బుడగ వచ్చిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ రాసి అది ఆరే దాకా ఆగడం. ఆ ఆగడమే పిల్లలకి కష్టం. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ వేసేస్తారు, అది సాయంత్రానికి ఊడిపోతుంది. టైరు లోపల వేలు తిప్పి మేకు ఇంకా ఉందేమో చూడకుండా ట్యూబు ఎక్కిస్తే మళ్లీ పంచరే. ఈ రెండూ గోడ మీద పెద్ద అక్షరాలతో పిల్లలే రాసి పెట్టుకున్నారు.

డబ్బు తీసుకోకూడదు. సైకిలు బాగుచేయించుకున్నవాళ్లు తర్వాతి శనివారం వచ్చి ఒక సైకిలుకి సాయం పట్టాలి. క్లబ్బులోకి కొత్తవాళ్లు ఎక్కువగా అలాగే వచ్చారు. కరెంటు వస్తువులు ముట్టుకోకూడదు. ఫ్యాన్లు బాగుచేస్తామని మగపిల్లలు చాలాసార్లు అడిగారు, నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా.

ఆడపిల్లలు చేరినప్పుడు ఒక తండ్రి బడికి వచ్చారు. "ఆడపిల్ల సేత పంచర్లేయిస్తారేటండి?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. ఆ అమ్మాయే సమాధానం చెప్పింది: "నాన్నా, మన సైకిలే మొన్న నాను బాగుసేసినాను. డబ్బులు మిగిల్నాయి కదా." ఆయన మరి మాట్లాడలేదు. కూతురు ఇప్పుడు ఆ క్లబ్బుకి లీడరు.

పోటీలతో వచ్చిన చిక్కులు

క్లబ్బు అందరిది, బహుమతి ఒకరిది. ఈ చిక్కు మాకు రెండుసార్లు ఎదురైంది. ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలు కొత్త ఆలోచన పంపొచ్చు. ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలు వస్తాయి. బాగుచేత క్లబ్బులో నలుగురు కలిసి అనుకున్న ఒక సైకిల్ స్టాండు ఆలోచన ఎవరి పేరు మీద పంపాలి అన్నప్పుడు, స్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు. ఎంపిక కాకముందే ఇంత జరిగింది. అప్పటి నుంచి క్లబ్బులో పుట్టిన ఆలోచన ఆ పథకానికి పంపట్లేదు. ఇంటి దగ్గర ఒక్కరూ ఆలోచించుకున్నది పంపితే నేను సంతోషంగా సాయం చేస్తాను. దీనివల్ల ఒక పిల్లాడికి రావలసిన డబ్బు పోతుందేమో అని తోటి టీచర్లు అడిగారు. పోవచ్చు. నాకు ఆ నలుగురూ ఒకే టబ్బు చుట్టూ కూర్చోవడం ముఖ్యం.

1993 నుంచి జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్ మాత్రం మా వాన రిజిస్టరుకి సరిగ్గా అమిరింది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ చుట్టూ ఉన్న సమస్య మీద ప్రాజెక్టు చెయ్యాలి, తమ భాషలోనే చెప్పొచ్చు. పేర్లు కొన్నే ఇవ్వాలి కాబట్టి, రిజిస్టరులో ఎవరి సంతకాలు ఎక్కువుంటే వాళ్ల పేర్లు ఇద్దామని పిల్లలు తేల్చారు. 'చూడలేదు' అని రాసిన సంతకం కూడా లెక్కలోకి వస్తుందా అని వాదన వచ్చింది. వస్తుందన్నారు. జిల్లా స్థాయి దాటలేదు, కానీ తిరిగొచ్చిన సోమవారం ఎనిమిదిన్నరకి సీసా దగ్గర వంతు పిల్ల ఉంది.

గోడపత్రిక, ఇంకా మూసేసినవి

గోడపత్రిక తెలుగు మాస్టారి చేతిలో ఉంది, ఆ ఘనత ఆయనదే. మొదట్లో సూక్తులు, పాఠ్యపుస్తకంలో పద్యాలు దించి పెట్టేవారు, ఎవరూ ఆగి చదవలేదు. పుస్తకంలో ఉన్నది మళ్లీ రాయకూడదు అని ఆయన నియమం పెట్టాక పత్రిక తీరే మారిపోయింది. ఒకమ్మాయి పాలకొండ వైపు నుంచి వాళ్లమ్మ బస్సెక్కి విశాఖ వచ్చిన మొదటి రోజు రాసింది. ఒక కుర్రాడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రెండు నెలలు ఇంట్లో ఏం వండుకుంటారో రాశాడు. అక్షర దోషాలు మాత్రమే మాస్టారు దిద్దుతారు, మా వైపు యాస ముట్టుకోరు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి సభలో ఆయన మాట్లాడింది కూడా దాని గురించే: జనం మాట్లాడే భాష బడిలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషే, ఆయన పేరు చెప్పుకుంటూ ఈ పిల్లల మాటని దిద్దితే ఎలా అని.

ఇంగ్లిష్ స్పీకింగ్ క్లబ్బు మూసేశాం. వచ్చినవాళ్లు మౌనంగా కూర్చునేవాళ్లు, మాట్లాడగలిగిన ముగ్గురే మాట్లాడేవాళ్లు. మిగతావాళ్లకి అది ఇంకో క్లాసు అయింది. నాటకం క్లబ్బు ఏడాది పొడుగునా నడవదు. వార్షికోత్సవం ముందు రెండు నెలలు ఊపిరాడనంత పని, తర్వాత ఏమీ లేదు. దాన్ని అలాగే ఉండనిచ్చాం. అన్నీ శనివారం శనివారం జరగాలనేముంది. క్విజ్ అంటే ఇష్టమున్న పిల్లల్ని జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి సైన్స్ సంబరాలకి తయారుచేస్తాం, దానికి వేరే క్లబ్బు అక్కర్లేదు.

ఎకో క్లబ్బు పేరు మీద బీచ్‌లో చెత్త ఏరే కార్యక్రమాలకి మా పిల్లల్ని తరచూ పిలుస్తారు. చేతికి గ్లవుజులు, ఫోటో, బిస్కెట్ ప్యాకెట్. వాటికి వెళ్లడం తగ్గించాం. దానికి బదులు తెన్నేటి పార్కు వైపు రాళ్ల తీరానికి, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ చూసుకుని, తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని, పీఈటీ గారితో కలిసి తీసుకెళ్లాం. నీళ్లలో అడుగు పెట్టకూడదు, విశాఖ కెరటాలు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. రాళ్ల మధ్య గుంటల్లో పీతలు, సముద్రపు పువ్వులు, నత్తలు ఉన్నాయి. జాలరి పిల్లలు పేర్లు చెబుతుంటే మిగతావాళ్లు రాసుకున్నారు. క్లాసులో చివరి బెంచీలో కూర్చునే పిల్లలు ఆ రోజు ముందు నడిచారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లని కాపాడి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. అది చూపించడానికి ఒకసారి వెళ్లాం. చూసి వచ్చాక ఒక కుర్రాడు వలలో పడ్డ తాబేలుని వాళ్ల నాన్న ఎలా విడిపిస్తాడో గోడపత్రికలో బొమ్మ వేసి రాశాడు.

అప్పగింత

హెచ్‌ఎం గారి షరతు గుర్తుంది కదా. పదో తరగతి పిల్లలు దసరా సెలవుల దాకే క్లబ్బుకి వస్తారు, అదీ సలహా చెప్పడానికే. లీడర్లు తొమ్మిదో తరగతి వాళ్లు. సంక్రాంతి సెలవులు అయ్యాక వాళ్లు ఎనిమిదో తరగతికి అప్పగించాలి. జూన్ దాకా ఆగితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. అప్పగింత అంటే సభ కాదు. పాత లీడరు, కొత్త లీడరు వరసగా కొన్ని రోజులు కలిసి వంతు చేస్తారు. కొలజాడీలో నీటి గీత కంటికి సమానంగా పెట్టి చదవడం, పంపు వాషరు మార్చడం, 'చూడలేదు' ఎందుకు రాస్తామో కొత్తవాళ్లకి చెప్పడం, అన్నీ ఆ రోజుల్లోనే. చెప్పడం రాకపోతే పాత లీడరుకి విడుదల లేదు.

ఖర్చు గురించి తోటి టీచర్లు ఎక్కువగా అడుగుతారు కానీ, చెప్పడానికి పెద్దగా లేదు. పెద్ద ఖర్చు పంచరు సామాను, గాలి పంపు. అవి ఇద్దరు టీచర్లం, పేరెంట్స్ కమిటీ కలిసి కొన్నాం. కొలజాడీ ల్యాబ్‌దే. డ్రాయింగ్ షీట్లు బడి నిధి నుంచి వస్తాయి.

ఇంకా తేలనివి ఉన్నాయి. వేసవి సెలవుల్లో వాన రిజిస్టరు ఖాళీగా పోతోంది. మే నెల బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలం, కొలవాల్సిన కాలం. వెనక సందులో అమ్మాయి సీసాని సెలవుల్లో వాళ్ల డాబా మీద పెట్టుకుంటానంటోంది. చోటు మారితే పాత కొలతలతో పోల్చడం కుదరదని లెక్కల మాస్టారు అంటున్నారు. రెండు సీసాలు రెండుచోట్లా పెట్టి, తేడా ఎంతో మార్చి నుంచే చూద్దామని పిల్లల ప్రతిపాదన. ఈ ఏడాది అలా చేస్తున్నాం.

రెండోది బదిలీలు. నేను ఈ బడిలో ఎల్లకాలం ఉండను. అందుకే ప్రతి క్లబ్బుకి ఇద్దరు టీచర్లు ఉండేలా చూస్తున్నాం, బీరువా తాళంచెవి ఒకటి పిల్లల లీడరు దగ్గర ఉంటుంది. పిల్లలకి తాళంచెవి ఇవ్వడం గురించి స్టాఫ్ మీటింగులో అభ్యంతరం వచ్చింది. ల్యాబ్ బీరువా వేరు, క్లబ్బు బీరువా వేరు అని విడగొట్టాక హెచ్‌ఎం గారు సంతకం పెట్టారు. గోడపత్రికకి రెండో టీచర్ ఇంకా దొరకలేదు, హిందీ మేడం గారిని అడుగుతున్నాం.